నాలుగోసారి పడ్డాడు

మా గుడికి తాళం పడింది నా చెయ్యి వల్ల. ఈ మాట మా అమ్మ ఎంకమ్మ ఐదు నెలల్లో నాకు ఎన్నిసార్లు చెప్పిందో గుర్తు లేదు. అన్నం వడ్డిస్తూ చెప్పింది, నెత్తిన బిందె దించుకుంటూ చెప్పింది, జపమాల మధ్యలో ఒక పూస దగ్గర ఆగి మరీ చెప్పింది. అందులో అబద్ధం లేదు గనక నేను ఎదురు చెప్పలేకపోయేవాణ్ణి. ఎదురు చెప్పలేనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. ఆ కోపాన్ని ఆటో కిక్ రాడ్ మీద చూపించేవాణ్ణి.

నా పేరు నవనాథ్. రేషన్ కార్డులో అదే ఉంటుంది, ఫాదర్ గారి బాప్తిస్మ పుస్తకంలో మాత్రం ఆంతోని. మా గేరిలో, అంటే మా వాడలో, అందరికీ ఇట్లాగే రెండు పేర్లు. బీదర్ నుంచి హుమ్నాబాద్ పోయే దారిలో కొల్హార్ దాటాక మట్టిరోడ్డు పట్టుకుంటే మా ఊరు వస్తుంది. కొల్హార్ ఫ్యాక్టరీలకు షిఫ్టుల మీద పోయేవాళ్ళను నా ఆటోలో దింపి తెచ్చుకుంటాను. ఊరి చివర నలభై ఇళ్ళ కతోలికుల గేరి మాది. మా తాతలు రాళ్ళు మోసి కట్టుకున్న రేకుల కప్పు గుడి ఒకటుంది. చర్చిని మేము గుడి అనే అంటాం.

పోయిన నవంబరులో ఒక ఆదివారం ఆ గుడిలోకి ఇరవై మంది కట్టెలు పట్టుకుని వచ్చారు. ఆ రోజు ఫాదర్ లేరు, ఉపదేశి గాలయ్య మామ ప్రార్థన చేయిస్తున్నాడు. వచ్చినవాళ్ళకు ముందు నడిచింది దయానంద్. పరాయివాడేం కాదు, మా ఊరివాడే. ఏడో తరగతి దాకా నా పక్కన కూర్చుని నా పలకను ఎంగిలితో తుడిచినవాడు. వాళ్ళమ్మ శరణమ్మ, మా అమ్మ ఒకే కంది చేలో కలుపు తీసినవాళ్ళు.

"పేరేంది నీది?" అని గాలయ్య మామను అడిగాడు, ఎన్నడూ చూడనట్టు.

"గాలయ్య. ఎరుకలేదా నీకు?"

"గాలయ్యకు ఈడేం పని? ఊరందర్ని మారుస్తున్నవా?" అన్నాడు, అంటూనే కొట్టాడు. మామ నోట్లోంచి రక్తం కారి తెల్ల జుబ్బా మీద పడింది. హార్మోనియం పగిలింది. మరియమ్మ తల్లి విగ్రహం చెయ్యి విరిగి నేల మీద పడితే ఒకడు దాన్ని కాలితో తన్నాడు. ఆడవాళ్ళను జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. నాకు అప్పుడు దేవుడు గుర్తు రాలేదు. బెంచీ కాలు ఊడబెరికి దయానంద్ మూతి మీద కొట్టాను. ఒక్క దెబ్బకు వాడు కూలబడ్డాడు, ఇంకో మూడు కొట్టాను. పైపళ్ళు మూడు ఊడి వాడి చేతిలోనే పడ్డాయి. కొడుతున్నంతసేపూ హాయిగా ఉండింది. దాచడం ఎందుకు, ఆ హాయి ఇప్పటికీ గుర్తుంది.

రెండు పక్షాల మీదా కేసులు పెట్టారు. తహసీల్దార్ జీపులో వచ్చి, ఊరి శాంతి కోసం అని చెప్పి గుడి తలుపుకు తాళం వేసి, దాని మీద లక్కముద్ర కొట్టి పోయాడు. వాళ్ళు కొట్టినందుకు వాళ్ళ గుడికి ఎవరూ తాళం వేయలేదు. మూతపడింది మాదే.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం నాలుగ్గంటలకు గేరి మొత్తం ఆ తాళం ముందర కంకర మీద మోకాళ్ళూనేది. ముందు మా అమ్మ, వెనక తక్కినవాళ్ళు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు వాచి పుండ్లుపడ్డా లేచేది కాదు. ప్రార్థనతో ఊరుకోలేదు. తాలూకా ఆఫీసులో అర్జీ, జిల్లా ఆఫీసులో అర్జీ, బెంగళూరుకు రిజిస్టర్ పోస్టులో ఇంకో అర్జీ. ఒకసారి ట్రాక్టరెక్కి ఆడవాళ్ళంతా బీదర్ పోయి జిల్లా ఆఫీసు గేటు ముందర పొద్దంతా ఎండలో కూర్చున్నారు. పేపరులో వేలెడంత ఫోటో వచ్చింది. అందులో మా అమ్మ ముక్కు మాత్రమే కనబడింది. అయినా గేరిలో ప్రతి ఇంటి గోడకూ ఆ ముక్కు అంటించుకున్నారు.

చివరికి మట్టలాదివారానికి ముందు తహసీల్దార్ గాలయ్య మామను పిలిపించాడు. పై నుంచి ఆర్డర్ వచ్చిందని, పాస్కా ఆదివారం, అంటే ఈస్టర్ నాడు, పది గంటలకు తానే వచ్చి తాళం తీస్తానని చెప్పాడు. చెడ్డవాడు కాదు, కుర్చీకి భయపడే మనిషి. ఒక షరతు పెట్టాడు. అప్పటిదాకా మా గేరి నుంచి ఒక్క చెయ్యి లేచినా ఆర్డర్ రద్దు, ఇక తన హయాంలో ఆ తలుపు తెరుచుకోదు. శుక్రవారం సిలువ మార్గానికి అనుమతి ఇస్తానన్నాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళను బందోబస్తుకు పంపుతానన్నాడు.

"ముఖ్యంగా ఆ ఆటోవాణ్ణి చూసుకో" అన్నాడట.

మామ వచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ నన్నూ నా తమ్ముడు సిద్దునూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"నీ తమ్ముని తల మీద చెయ్యి పెట్టు."

"ఎందుకే?"

"పెట్టుమన్న. ఆదివారం తాళం తీసేదాక ఎవ్వని మీద చెయ్యి లేపనని చెప్పు. నిన్ను కొట్టినా, నన్ను కొట్టినా, ఎవ్వర్ని కొట్టినా."

సిద్దు నవ్వుతున్నాడు. వాడికన్నీ నవ్వే. "పెట్టన్నా, నా తలకాయకేం గాదు" అన్నాడు. పెట్టి చెప్పాను. వాడి జుట్టుకు కొబ్బరినూనె వాసన వేసింది.

ఇప్పుడు మా ఊరి సిలువ మార్గం సంగతి చెప్పాలి. పవిత్ర శుక్రవారం నాడు దాన్ని మేము నడుస్తూ ఆడతాం. పద్నాలుగు స్థలాలు. మొదటిది గుడి ముందర, ఆఖరిది ఊరి బయటి గుట్ట మీద. ఒకడు యేసు వేషం కట్టి సిలువ మోస్తాడు. ఆరుగురు సైనికులు ఎర్రరంగులో ముంచిన జనపనార కొరడాలతో అతన్ని కొడుతూ నడుస్తారు. తెల్ల అంగీ మీద ఎర్ర చారలు పడతాయి, నొప్పి పెద్దగా ఉండదు. సైనికుల నెత్తిన అట్ట టోపీ, భుజాన ఎర్రగుడ్డ, కళ్ళు తప్ప ముఖమంతా తువ్వాలు. ఈ ముఖాలు కప్పుకోవడం ఏ పుస్తకంలోనూ లేదు, అది మా ముసలమ్మల పుణ్యం. వెనకటి రోజుల్లో సైనికుడి వేషం వేసినవాణ్ణి ఏడాది పొడుగునా వాళ్ళు వదిలేవాళ్ళు కారట. మా సామిని కొట్టిన చేతులని మంచినీళ్ళు కూడా పోసేవాళ్ళు కారట. గుండమ్మ పెద్దమ్మ ఒకసారి మా నాయనను పేడముద్దతో కొట్టింది. ఇంకొకాయనకు కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. అందుకని సైనికులెవరో ఉపదేశికి తప్ప తెలియకూడదు, గుట్ట ఎక్కేదాకా వాళ్ళు నోరు తెరవకూడదు అని కట్టుబాటు పెట్టుకున్నారు. నన్ను మాత్రం నడక చూసే గుర్తుపడతారు, ఏటా తిడతారు.

సిలువ మోసేవాడికి కట్టుబాటు వేరు. గురువారం సాయంత్రం నుంచి సిలువ మీద నుంచి దించేదాకా మౌనం పడతాడు. ఏం జరిగినా నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాకూడదు, వస్తే మొక్కు చెడినట్టే. మూడేళ్ళుగా సిద్దే మోస్తున్నాడు. ఈసారి మొక్కు తాళం కోసం.

ఆరుగురిలో ఇద్దరు నవంబరు కేసులో ఇరుక్కుని హైదరాబాద్ వెళ్ళిపోయారు. వాళ్ళకు బదులు బసవకళ్యాణ్ వైపు గుడి నుంచి ఇద్దరిని పంపమని గాలయ్య మామ ఫోన్ చేశాడు. వస్తున్నాం, బస్సు ఆలస్యమైంది, నడిమిట్లో కలుస్తాం అని వాళ్ళు చెప్పారు. మేము నలుగురు సైనికులతోనే బయల్దేరాం.

నేను పెద్ద సైనికుణ్ణి. సిద్దు నడుముకు కట్టిన తాడు నా చేతిలో ఉంటుంది. నేను ముందు నడుస్తూ లాగుతాను, వాడు వెనకాల సిలువ మోస్తూ వస్తాడు. అంటే వాడు నాకు కనబడడు, తాడు బరువును బట్టి వాడి నడక నాకు తెలుస్తుంది. ఆ తాడు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు మండుతాయి.

ఎండ మాడ్చేస్తోంది. యేసు పడినట్టే మూడో స్థలంలో సిద్దు మొదటిసారి పడ్డాడు. నాలుగో స్థలంలో తల్లి ఎదురొచ్చే ఘట్టం, ఆరో స్థలంలో ముఖం తుడిచే ఘట్టం సవ్యంగా జరిగాయి. ఏడో స్థలం మొగులప్ప హోటల్ దగ్గర. అక్కడ రెండోసారి పడ్డాడు. మొగులప్ప మంచివాడు, మా వాళ్ళు కాకపోయినా ఏటా అందరికీ నీళ్ళు ఇస్తాడు. కానిస్టేబుళ్ళిద్దరూ చాయ్ తాగుదామని అక్కడే ఆగారు. రోడ్డు అక్కడ మలుపు తిరిగి రెండు గోడల మధ్యకు పోతుంది. ఆ మలుపులో ముగ్గురు సైనికులు మాలో కలిశారు. అట్ట టోపీలు, ఎర్రగుడ్డలు, తువ్వాళ్ళు, చేతుల్లో ఎర్రగా తడిసిన కొరడాలు. వాళ్ళలో ఒకడు నావైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. బసవకళ్యాణ్ వాళ్ళు చేరుకున్నారని సంతోషపడ్డాను. రావాల్సింది ఇద్దరు, వచ్చింది ముగ్గురు. ఒకడు ఎక్కువొచ్చాడు, మంచిదే అనుకున్నాను. నన్ను మించిన తెలివైనవాడు బీదర్ జిల్లాలో ఉండడు.

తాడు బరువెక్కింది. లాగాను. ఇంకా బరువెక్కింది. సిద్దు ఈసారి బాగా ఆడుతున్నాడు అనుకుని గట్టిగా లాగాను. వెనక కొరడా చప్పుడు మారింది, మెత్తగా పడాల్సింది గట్టిగా పడుతోంది. పొరుగూరివాళ్ళు, అలవాటు లేదు, కొంచెం జోరుగా కొడుతున్నారు అనుకున్నాను. రోడ్డు పక్కన ఆడవాళ్ళు రొమ్ములు కొట్టుకుంటూ పాడుతున్నారు. తెల్ల అంగీ అంతా ఎరుపు తిరిగితే వాళ్ళ ఏడుపు ఇంకా పెరిగింది. ఎన్నడూ ఇంత బాగా కాలేదని గుండమ్మ పెద్దమ్మ పక్కామెతో అనడం నాకు వినబడింది. తొమ్మిదో స్థలంలో వాడు మూడోసారి పడ్డాడు. గాలయ్య మామ పుస్తకం చూసి ప్రార్థన చదివాడు, అందరూ మోకరించి లేచారు. వాడు లేవడానికి ఆలస్యం చేస్తే నేను తాడు పట్టి లేపాను. నా చేత్తోనే లేపాను. వాడు లేచాడు.

ఇరవై అడుగులు పోయామో లేదో తాడు ఒక్కసారిగా నన్ను వెనక్కి గుంజింది.

పాట మధ్యలో తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గుండమ్మ పెద్దమ్మ గొంతు ఒక్కటే లేచింది.

"ఓ గాలయ్యా, నాలుగోసారి పడ్డడేంది? మూడే గద పడేది?"

డెబ్బై ఏళ్ళుగా సిలువ మార్గం నడుస్తున్న మనిషి. నిద్రలో లేపి అడిగినా ఏ స్థలంలో ఏముందో చెప్పగలదు. గాలయ్య మామ కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. "ఇది బుక్కుల లేదు" అన్నాడు, వెర్రివాడిలా.

నేను వెనక్కి తిరిగాను. సిద్దు సిలువ కింద బోర్లా పడి ఉన్నాడు. ఆ ముగ్గురూ వంగి కొడుతున్నారు. ఒకడి కొరడాకు చుట్టిన నార ఊడిపోయి లోపలి సైకిల్ చైను బయటపడింది. అది లేచినప్పుడల్లా దాంతోపాటు మాంసం లేస్తోంది. ఇంకొకడు బూటు కాలితో వాడి ముఖం మీద తొక్కుతున్నాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. సిద్దు ఎడమ కన్ను ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ లేదు. కుడికన్నుతో నన్ను చూశాడు. నోరు మూసుకునే ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దని.

నేను నిలబడిపోయాను.

ఇది చెప్పడం నాకు కష్టం, అయినా చెప్తాను. కోపిష్టివాణ్ణని, చెయ్యి దురుసు మనిషినని జిల్లా అంతా పేరున్నవాణ్ణి, తమ్ముణ్ణి కళ్ళ ముందర చంపుతుంటే తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆదివారం పది గంటలు, లక్కముద్ర, అమ్మ మోకాళ్ళు, వాడి తల మీద పెట్టిన నా చెయ్యి, అన్నీ నా బుర్రలో తిరిగాయి. ఒక పరలోక జపం చెప్పుకునేంతసేపు నిలబడ్డాను. అంతసేపట్లో చైను ఎన్నిసార్లు లేచిందో నాకు తెలుసు, చెప్పను.

నన్ను ఎవరో పక్కకు తోశారు. మా అమ్మ. పదకొండో స్థలంలో మేకులు కొట్టే ఘట్టం కోసం సుత్తి, మేకులు పెట్టిన బుట్ట ఆమె నెత్తి మీద ఉండాలి. బుట్ట కింద పడి ఉంది, సుత్తి ఆమె చేతిలో ఉంది. కుంటుకుంటూ పోయింది. బూటు కాలు ఎత్తినవాడి వెనక నిలబడి రెండు చేతులతో సుత్తి ఎత్తి, వాడి అట్ట టోపీ మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. కట్టెలు కొట్టే మనిషి కొట్టినట్టు, కోపమైనా లేకుండా.

వాడు సిద్దు పక్కనే పడ్డాడు. తువ్వాలు జారింది. నోరు తెరుచుకుని ఉంది, పైన మూడు పళ్ళు లేవు. దయానంద్.

అప్పుడు గేరి మొత్తం మీద పడింది. తక్కిన ఇద్దరిలో ఒకణ్ణి గోడకేసి బాదారు. రెండోవాడి చేతిని ఆడవాళ్ళు కొరికారు. సిలువ విరిగింది, ఆ చెక్కలతోనే కొట్టారు. దుమ్ములో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు. వాళ్ళిద్దరూ ఎట్లాగో తప్పించుకుని గోడ దూకి పారిపోయారు. కానిస్టేబుళ్ళు విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ సుత్తిని చీర కొంగులో చుట్టి సిద్దు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను ముఖం మీది తువ్వాలు విప్పి, రెండు చేతులూ ఎత్తి వాళ్ళకు ఎదురెళ్ళాను.

"నేనే కొట్టిన" అన్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. కానిస్టేబుల్ అయితే ముందే రాసి పెట్టుకున్నట్టు నా కాలరు పట్టుకున్నాడు.

స్టేషన్‌లో నన్ను ఎట్లా కొట్టారో వివరంగా చెప్పను. అరికాళ్ళ మీద కొట్టారు, అది చాలు. సాయంత్రానికి కబుర్లు వచ్చాయి. బసవకళ్యాణ్ వాళ్ళ బస్సు అప్పటికి గానీ చేరలేదట. సిద్దు బీదర్ ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు, దవడకు తీగలు కట్టారు, ఎడమ కన్ను పోయింది. దయానంద్ కూడా అదే ఆస్పత్రిలో ఉన్నాడు, పుర్రె పగిలింది, తెలివి లేదు. పారిపోయిన ఇద్దరూ దొరికి, కొట్టింది నవనాథే అని చెప్పారు. వాళ్ళు చూడలేదు. చూడకపోయినా వాళ్ళకు నేనే కావాలి. మొగులప్ప డాబా మీద నుంచి ఎవరో తీసిన వీడియోలో జనం వీపులు తప్ప ఏమీ కనబడలేదట.

చీకటి పడకముందే తహసీల్దార్ గాలయ్య మామను వెంటబెట్టుకుని వచ్చాడు. లాకప్ ఊచల ముందర కుర్చీ వేసుకున్నాడు.

"నవంబరులోనూ నువ్వే కొట్టావు. ఇప్పుడూ నువ్వే. మీ ఇద్దరి మధ్యా పాత కక్ష, అంతేనా?" అన్నాడు కన్నడంలో.

"పాత కక్షే సార్."

"ప్రార్థనకూ దీనికీ సంబంధం లేదు?"

"లేదు సార్."

వాడి ముఖంలో వెలుగొచ్చింది. మతగొడవ తన కాగితాల మీదికి రాకుండా పోతోంది. పక్కనున్న గాలయ్య మామ వైపు తిరిగి, ఇది ఇద్దరి తగాదా గనక ఆర్డర్ అట్లాగే ఉంటుంది, పైవాళ్ళు కూడా అదే కోరుతున్నారు, ఆదివారం పదింటికి తాళం తీస్తాం అన్నాడు. మామ నన్ను చూసి ఏడ్చాడు. మామకు తెలుసు, అక్కడున్న నలభై ఇళ్ళవాళ్ళకూ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. నాకు కోపం రాలేదు. నిలబడిపోయినందుకు ఇది నాకు తగిందే అనిపించింది. ఐదు నెలల్లో మొదటిసారి నా మనసు కుదురుగా ఉంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ వచ్చింది. అన్నం డబ్బా తెచ్చిందనుకున్నాను. చేతిలో గుడ్డ సంచి మాత్రమే ఉంది. ముఖం మీద, చెంప పక్కన ఏదో ఎండి చారగా కట్టింది. నావైపు చూడలేదు. తిన్నగా ఎస్సై బల్ల దగ్గరికి పోయింది.

"సారూ, దయానంద్‌ను కొట్టింది నేను."

ఎస్సై పేపరు మీంచి తల ఎత్తి నవ్వాడు. "కూర్చో అజ్జీ. ప్రతి తల్లీ ఇట్లాగే అంటుంది. నా సర్వీసులో ఎంతమందిని చూశాను" అన్నాడు వచ్చీ రాని తెలుగులో, అవ్వను కన్నడంలో అజ్జీ అంటూ.

"అమ్మా, ఇంటికి పో!" అని నేను ఊచలు పట్టుకుని అరిచాను. "దానికి మతి లేదు సార్, ఎండకు మతి పోయింది. నమ్మకండి."

అమ్మ సంచిలోంచి సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. అది కడగలేదు. వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

ఎస్సై నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించి కన్నడంలో చెప్పాడు.

"అజ్జీ, నేనిది చూడలేదు. తీసుకుపోయి బావిలో పారెయ్. రేపు పదింటికి మీ తలుపు తెరుస్తారు. శుక్రవారం ప్రార్థన నడిపేది నువ్వు, జిల్లా ఆఫీసు ముందర కూర్చుంది నువ్వు, పేపరులో పడింది నువ్వు. కొట్టింది నువ్వని నేను రాస్తే కొట్టింది గుడి అని రాసినట్టే. తాళం ఇక తీయరు. నీ కొడుక్కు మహా అయితే నాలుగేళ్ళు పడుతుంది. వయసు ఉంది, బయటికొస్తాడు."

"తెల్సు సారూ."

"తెలిసీ ఎందుకొచ్చావు?"

"పొద్దుగాల దయానంద్ తల్లి శరణమ్మ కాడికి పోయిన. నీ కొడుకు తలకాయ పగలగొట్టింది నేనే అని చెప్పిన. మొఖం మీద ఉమ్మేసింది. అది తుడ్సుకోలే, గట్లనే వచ్చిన. ఆమెకు చెప్పినంక ఇంగ నీకు చెప్పకుంట ఎట్లుంట?"

"అమ్మా, తాళం!" అని అరిచాను. "ఐదు నెల్లు మోకాళ్ళు అరగదీసుకుంటివి. ఒక్క రోజు ఊకుండలేవా? నేనుంట లోపల. నాకేం గాదు. పో అమ్మా, నీ కాళ్ళు మొక్కుత."

అప్పుడు నావైపు తిరిగింది. నన్ను కొడుతుందనుకున్నాను, చిన్నప్పుడు కొట్టినట్టు.

"నోర్ముయ్ రా. నువ్వు ఎందుకు నిల్సున్నవో నాకు తెల్వదా? తమ్ముడు సస్తుంటే కొయ్యలెక్క నిల్సున్నవ్. ఎన్నడన్న నిల్సున్నోనివా నువ్వు? నేనే నిలబెట్టిన. వాని తల మీద చెయ్యి పెట్టించి నిన్ను నేనే కట్టేసిన. నాకు గుడి గావాలె, గుడి గావాలె అని ఒకటే పాట. వాని కన్ను వాళ్ళు గాదురా తీసింది, నేను." కొంగుతో నోరు తుడుచుకుంది. "ఇప్పుడు నిన్ను గూడ ఈడ ఇడ్సిపెట్టి రేపు పొయ్యి ముందల వరుసల కూసుంటనా? సారూ, రాయి. ఎంకమ్మ అని రాయి. మరియమ్మ అని గూడ రాయి, బాప్తిస్మం పేరు."

ఎస్సై తల పట్టుకున్నాడు. కాగితం తీశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు, వేలిముద్ర వేయించాడు. బీదర్ నుంచి మహిళా కానిస్టేబుళ్ళను పిలిపించాడు.

వాళ్ళు జీపు తెచ్చి గుమ్మం ముందర ఆపారు. అమ్మ మెట్టు ఎక్కలేకపోయింది. మోకాళ్ళు వంగలేదు. ఆ కానిస్టేబులు పిల్లలిద్దరూ చెరో రెక్క పట్టి లాగితే నొప్పికి మూలిగింది. నేను ఊచల వెనక నుంచి, ఒక్క నిమిషం వదలండి సార్ అని ఎస్సైని బతిమాలాను. ఆయన ఏమనుకున్నాడో తాళం తీశాడు. వాచిన అరికాళ్ళతో కుంటుకుంటూ పోయి అమ్మను రెండు చేతుల మీదా ఎత్తుకున్నాను. ఆ ఒంట్లో ఏమీ బరువు లేదు. సీటు మీద కూర్చోబెడుతుంటే నా చేతులు పట్టుకుని, కొట్టిన్రా నిన్ను అని అడిగింది. లేదన్నాను. జీపు దుమ్ము లేపుకుంటూ బీదర్ వైపు పోయింది, నేను చంటిపిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు పది గంటలకు తహసీల్దార్ రాలేదు.